ఫిడేలు నాయుడుగారు

డబ్బిచ్చి వాద్యాన్ని కొనవచ్చును గాని నాదాన్ని కొనలేము. అంగడిలో బేరం తీరిన క్షణానే వాద్యం మన చేతికి వస్తుంది; అది మన మాట వినడానికి మాత్రం సంవత్సరాలు పడుతుంది. ఈ సత్యాన్ని తన జీవితమంతటితో నిరూపించిన మహనీయుడు మన ఉత్తరాంధ్రలోనే జీవించారు. ఆయన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. దేశమంతటా సంగీతప్రియులు ఆయనను ఫిడేలు నాయుడుగారని ఆప్యాయంగా పిలుచుకొన్నారు.

నేడు పలాస, టెక్కలి పట్టణాలలోను, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు ప్రాంతాల ఉద్దాన గ్రామాలలోను గిటారు చేతబట్టిన విద్యార్థి కనబడడం వింత కాదు. ఇది మన వాద్యం కాదు గదా, దీనితో మనకేమి పని అని పెద్దలు ఆక్షేపించడమూ వింత కాదు. ఆ విద్యార్థికీ, ఆ పెద్దలకూ కూడ సమాధానం చెప్పగలిగిన జీవితం నాయుడుగారిది. అందుచేతనే ఆయన చరిత్రను ఒక కొత్త గిటారు ప్రస్తావనతో ఆరంభించడం సముచితమని తోచింది.

వాద్యం, దాని వంశం

గిటార్లలో ఆర్చ్‌టాప్ అనే ఒక జాతి ఉన్నది. జాజ్ సంగీతానికి అది పేరుపొందిన వాద్యం. సామాన్యమైన గిటారు పైపలక బల్లపరుపుగా ఉండి, నడుమ గుండ్రని రంధ్రం ఉంటుంది. ఆర్చ్‌టాప్ పైపలక తాబేటి వీపువలె కొంచెం ఉబ్బి ఉంటుంది. గుండ్రని రంధ్రానికి బదులు ఇరుప్రక్కల రెండు వంపుచీలికలు ఉంటాయి. చూచిన వెంటనే ఫిడేలు జ్ఞాపకం వస్తుంది. అది యాదృచ్ఛికం కాదు. అమెరికాలోని కలమజూ పట్టణంలో ఆర్విల్ గిబ్సన్ (1856-1918) అనే శిల్పి ఫిడేలు పలకలను చెక్కే పద్ధతిని మాండొలిన్లకు, గిటార్లకు అన్వయించి, 1898లో మాండొలిన్ నిర్మాణంపై పేటెంటు పొందాడు. 1902లో అతని పేర సంస్థ వెలసింది. 1922లో ఆ సంస్థలో లాయిడ్ లోర్ పర్యవేక్షణలో వెలువడిన ఎల్-5 అనే గిటారుకు ఫిడేలు చీలికలు కూడ వచ్చాయి. కనుక ఈ గిటారు ఫిడేలుకు మానసపుత్రిక అనవచ్చును.

ఇట్టి గిటారును కొని ఇంటికి తెచ్చుకొన్న విద్యార్థి మొదట తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. దాని బ్రిడ్జి పైపలకకు అతికించి ఉండదు. తీగెల బిగువుచేతనే నిలబడి ఉంటుంది. తీగెలన్నిటినీ ఒక్కసారిగా విప్పితే బ్రిడ్జి స్థానం తప్పుతుంది, స్వరస్థానాలన్నీ చెదురుతాయి. అందువలన ఒక తీగె మార్చి, బిగించి, ఆ తరువాతనే మరొకదానిని విప్పాలి. బ్రిడ్జి సరియైన చోట ఉన్నదో లేదో చెవితోనే తేల్చుకోవాలి. పండ్రెండవ మెట్టుపై వేలిని తాకీ తాకనట్లు ఉంచి పలికించిన స్వరమూ, అదే మెట్టును నొక్కి పలికించిన స్వరమూ ఏకం కావాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే బ్రిడ్జిని మెట్లకు దూరంగా, తగ్గుగా ఉంటే దగ్గరగా, వెంట్రుకవాసి చొప్పున జరపాలి. ఫిడేలుకూ ఇదే నియమం. అక్కడ బ్రిడ్జితోపాటు, లోపల రెండు పలకలకు నడుమ నిలబెట్టిన చిన్న కర్రపుల్ల కూడ బిగువుమీదనే ఆధారపడి ఉంటుంది. తీగెలన్నీ ఒక్కసారి వదలితే అది కూలిపోతుంది. ఇట్టి సున్నితమైన వాద్యం ముందు కన్ను పెద్దగా పనికిరాదు. చెవి, చేయి, ఓర్పు అనే మూడే దిక్కు. ఆ మూడింటినే నమ్ముకొని బ్రతికినవారు నాయుడుగారు.

ఫిడేలు మన దేశానికి వచ్చిన వృత్తాంతం కూడ ఇక్కడ స్మరించవలసి ఉన్నది. ముత్తుస్వామి దీక్షితుల సోదరులు బాలుస్వామి దీక్షితులు (1786-1859) మద్రాసులో ఒక ఐరోపా వాద్యకారుని వద్ద దానిని అభ్యసించి, కర్ణాటక సంగీతానికి అనువుగా మలచారు. తంజావూరు సోదరులలో ఒకరైన వడివేలు దానిలో ప్రజ్ఞావంతులై, 1834లో తిరువాన్కూరు ప్రభువు స్వాతితిరునాళ్ చేతుల మీదుగా దంతపు ఫిడేలును బహుమతిగా అందుకొన్నారు. ఐరోపావారు నిలబడి, ఫిడేలును గడ్డం క్రింద బిగించి వాయిస్తారు. మనవారు నేలపై కూర్చుండి, దాని శిరస్సును కుడిపాదం మడమ దగ్గర ఆనించి, మొండాన్ని ఎదురురొమ్ముకు ఆనించుకొన్నారు. దానితో ఎడమచేతికి వాద్యం బరువు మోసే పని తప్పింది; తీగెమీద యథేచ్ఛగా జారి గమకం పలికించే స్వేచ్ఛ దొరకింది. తీగెలను కూడ తమ శ్రుతికి అనుగుణంగా షడ్జపంచమాలకు కూర్చుకొన్నారు. వాద్యం మారలేదు, కూర్చునే తీరు మారింది. అంతటితో అది మనదైపోయింది.

మరి అది పూర్తిగా పరాయిదని అనడానికి కూడ వీలులేదు. ఐరోపాలో కమానుతో వాయించే తంత్రీవాద్యాలకు మూలం అరబ్బుల రబాబు. స్పెయిను, సిసిలీల మీదుగా అది ఐరోపాకు చేరి రెబెక్ అయింది; ఫిడేలు పూర్వులలో రెబెక్ ఒకటి. గిటారు అనే పేరు స్పెయినుకు అరబ్బీ కితారా నుండి వచ్చినదే. దాని వెనుక గ్రీకుల కితారా ఉన్నది. మనం తెలుగులో కమాను అనే మాట ఫారసీ నుండి ఉర్దూ మీదుగా మనకు సంక్రమించినదే. విల్లు అని దాని అర్థం. వాద్యాలకు ఎల్లలు లేవు. అవి మనుషులకంటె ఎక్కువ దేశాలు తిరిగినవి.

జననం, బాల్యం

ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించారు. తండ్రి వెంకటరాయుడుగారు సైన్యంలో అధికారి. ఆయన ఉద్యోగవిరమణానంతరం కుటుంబం విశాఖపట్టణం చేరుకొన్నది. నాయుడుగారి బాల్యం అక్కడనే గడిచింది.

దీపాల పండుగనాడు పుట్టిన ఆ బాలునికి విధి కంటిచూపును మాత్రం కొదువ చేసింది. చిన్ననాటినుండి దృష్టిమాంద్యం బాధించింది. పాఠశాలలో నల్లబల్లమీది అక్షరాలు కానరాని విద్యార్థికి ఆనాటి చదువులో చోటులేదు. అట్టివారికోసం ప్రత్యేకమైన ఏర్పాట్లు గాని, సహాయోపకరణాలు గాని మన ప్రాంతంలో లేని కాలమది. చదువు ఆగిపోయింది. సామాన్య కుటుంబాలలో ఇట్టి పిల్లవాని భవిష్యత్తు ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. ఇంటిలో ఒక మూల కూర్చుండి, అన్నం పెట్టే చేతికోసం ఎదురుచూచే బ్రతుకు అది.

అట్టి స్థితిలో అన్నగారు వెంకటకృష్ణయ్యగారు తమ్ముని చేతికి ఫిడేలు అందించారు. ఆయనే తొలిగురువు. ఆ ఒక్క పనితో ఒక జీవితం మలుపు తిరిగింది. మహావిద్వాంసుల చరిత్రలలో గురువుల పేర్లు పెద్ద అక్షరాలతో వ్రాస్తాము. ఇంటిలో తోడబుట్టినవాని చేయిపట్టి తొలిసరళిని దిద్దించిన అన్నగారి పేరు కూడ అంతే పెద్దగా వ్రాయదగినది.

చెవియే గురువు

వీణకు మెట్లు ఉన్నాయి, గిటారుకు మెట్లు ఉన్నాయి. ఏ మెట్టుమీద వేలు పెడితే ఏ స్వరం పలుకుతుందో తయారుచేసినవాడే నిర్ణయించి ఉంచుతాడు. ఫిడేలుకు మెట్లు లేవు. నల్లని నున్నని పలకమీద గుర్తు అనేది ఒక్కటీ ఉండదు. తీగె పలికే పొడవు సుమారు 33 సెంటీమీటర్లు మాత్రమే. ఆ జానెడున్నర చోటులో వేలు ఆవగింజంత జరిగితే రిషభం మారిపోతుంది. కనుక ఫిడేలు ముందు చూపున్నవానికి, లేనివానికి పెద్ద భేదం లేదు. స్వరం సరిగా పడినదో లేదో చెప్పవలసినది చెవియే.

లోపమనుకొన్నది నాయుడుగారికి ఈ విధంగా ఒక సాధనమార్గమైంది. పుస్తకం చూచి నేర్చుకొనే వీలులేనివాడు విన్నదానిని మనస్సులో నిలుపుకోవాలి. ఒకసారి విని మరచిపోయే సౌకర్యం అతనికి లేదు. నాయుడుగారు విన్నారు. గాయకులను విన్నారు, వైణికులను విన్నారు, నాగస్వర విద్వాంసులను విన్నారు. పాశ్చాత్య వాయులీన విద్వాంసుల వాదనాన్ని కూడ అంతే భక్తితో విని, వారి కమాను నడకను పరిశీలించారు. విన్నదానిని తన వాద్యంమీద వెదకికొన్నారు. ఇది ఒక్కరోజు పని కాదు. తెల్లవారుజామున ఆరంభమై పగలంతా సాగే పని. చేతివేళ్ల కొసలు కాయలు కాచే పని.

విజయనగరం పిలుపు

1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల వెలసింది. పూసపాటి విజయరామ గజపతిరాజుగారు దానిని స్థాపించారు. సంస్థాన ఉద్యోగి చాగంటి జోగారావుగారి కుమారుడు గంగరాజు అంధుడనీ, ఆ బాలునికి సంగీతం నేర్పించే ఏర్పాటు కావాలన్న కోరికే కళాశాల పుట్టుకకు నాంది పలికిందనీ చెప్పుకొంటారు. కంటిచూపు లేని ఒక బాలుని నిమిత్తంగా వెలసిన విద్యాలయానికి, చూపు తక్కువైన ఒక యువకుడు వెలుగు కావలసి రావడం చరిత్రలోని ఒక చక్కని సంఘటన.

ఆ కళాశాల ప్రథమాధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945). బొబ్బిలి సమీపాన గల అజ్జాడలో జన్మించిన దాసుగారు సంస్కృతాంధ్రాలతోపాటు ఫారసీ, అరబ్బీ, ఆంగ్లభాషలు ఎరిగిన పండితులు. ఉమర్ ఖయ్యాం రుబాయతులను సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి మార్చినవారు. ఉర్దూ, తెలుగు రెండింటినీ ఆదరించే మన కళాశాల విద్యార్థులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. భాషల విషయంలో అంతటి విశాలదృష్టి గల దాసుగారికి విదేశీయ వాద్యాన్ని చిన్నచూపు చూచే సంకుచితత్వం ఎందుకుంటుంది?

నాయుడుగారు ఆ కళాశాలలో విద్యార్థిగా చేరుదామని వెళ్లారనీ, ఆయన వాదనాన్ని విన్న దాసుగారు ఇక నేర్వవలసినది లేదని గ్రహించి ఆచార్యపదవికే ఎన్నిక చేశారనీ సంగీతలోకంలో ప్రసిద్ధమైన గాథ. గాథ ఎట్లున్నా, 26వ ఏట ఆయన ఫిడేలు ఆచార్యులుగా నియమితులైన మాట వాస్తవం. బడిచదువు సాగని బాలుడు కళాశాలలో అధ్యాపకుడైనాడు. నల్లబల్ల కనబడని కారణంచేత వెనుకకు మరలినవాడు విద్యార్థులెందరికో త్రోవ చూపేవాడైనాడు.

కమాను మహిమ

ఫిడేలు వాదనంలో ఎడమచేయి స్వరాన్ని నిర్ణయిస్తుంది. కుడిచేయి ఆ స్వరానికి ప్రాణం పోస్తుంది. సుమారు 75 సెంటీమీటర్ల పొడవున్న కర్రకు గుర్రపు వెంట్రుకలు బిగించి, గుగ్గిలంవంటి బంకను రాచి, తీగెమీద నడపడమే కమాను పని. చూడడానికి సులభం. కమానును నొక్కితే నాదం గీరుకొంటుంది, వదలితే పేలవమవుతుంది. తీగెకూ కమానుకూ నడుమ ఉండవలసిన ఒత్తిడి మాటలతో నేర్పగలిగినది కాదు.

నాయుడుగారి ప్రత్యేకత ఈ కుడిచేతిలోనే ఉన్నదని విజ్ఞులు చెబుతారు. చిన్నచిన్న తునకలుగా కమానును లాగక, మొదలునుండి కొసవరకు దీర్ఘంగా, తొట్రుపాటు లేకుండ నడిపి, గాయకుని నిండుఊపిరివంటి నాదాన్ని ఆయన సాధించారు. ఈ విషయంలో పాశ్చాత్య పద్ధతులు ఆయనకు తోడ్పడ్డాయి. అయితే ఆయన వాయించినది పాశ్చాత్య సంగీతాన్ని అనుకరించే సంగీతం కాదు. ఆ కమాను నైపుణ్యంతో ఆయన పలికించినవి త్యాగరాజస్వామివారి కృతులు. సాహిత్యంలో మాట ఎక్కడ విరుగుతుందో కమాను అక్కడ మళ్లాలి. తెలుగు మాట విరుపు తెలిసినవాని చేతిలో ఫిడేలు తెలుగు పలికింది. తంజావూరు తీరాన తెలుగులో పుట్టిన కృతి, ఇటలీలో రూపుదిద్దుకొన్న వాద్యంమీద, విజయనగరంలో మరల తెలుగుగా వినబడింది. ఎంత దూరం తిరిగి ఎంత దగ్గరకు వచ్చిందో విద్యార్థులు ఆలోచించాలి.

పక్కవాద్యం నుండి ప్రధానవాద్యానికి

కర్ణాటక సంగీత సభలలో ఫిడేలుకు చిరకాలంగా ఏర్పడిన స్థానం గాయకుని ప్రక్కన. గాయకుడు పాడినదానిని వెంబడించడం, అతడు విశ్రమించినపుడు ఆ రాగాన్ని నిలబెట్టడం దాని ధర్మం. అది చిన్నపని కాదు. పక్కవాద్యకారునికి తన ఇష్టం ఉండదు. ఏ రాగం వస్తుందో, ఏ స్వరకల్పన వస్తుందో ముందుగా తెలియదు. నాయుడుగారు దక్షిణాది విద్వాంసుల సభలలో ఆ ధర్మాన్ని చక్కగా నెరవేర్చి పేరుగాంచారు.

అయితే ఫిడేలు ఒంటరిగా ఒక సభను నడపగలదా అనే ప్రశ్న మిగిలి ఉన్నది. 1938లో వెల్లూరులో నాయుడుగారు ఫిడేలును ప్రధానవాద్యంగా నిలిపి కచేరీ చేశారు. ప్రక్కన కూర్చుండే వాద్యం నడుమకు వచ్చింది. తరువాతి తరాల వాయులీన విద్వాంసులు వేదిక నడుమ కూర్చుండి సభలు నిర్వహించడం మనకు సహజంగా తోస్తుంది. ఆ సహజత్వం వెనుక ఇట్టి తొలి అడుగుల సాహసం ఉన్నది.

ఇదే కాలంలో సముద్రాల కావల సరిగ్గా ఇట్టి సంఘటనే జరగడం గమనింపదగినది. జాజ్ మేళాలలో గిటారు పని తాళానికి తోడుగా తీగెలు మోయించడమే. పెద్దపెద్ద బాకాల హోరులో దాని గొంతు వినబడేది కాదు. ఓక్లహోమాలో పెరిగిన చార్లీ క్రిస్టియన్ (1916-1942) అనే పేద నల్లజాతి యువకుడు, 1936లో వెలువడిన విద్యుత్ ఆర్చ్‌టాప్ గిటారును చేపట్టి, 1939లో బెన్నీ గుడ్‌మన్ మేళంలో చేరి, గిటారును బాకాలతో సరిసమానంగా ఒంటరి పాట పాడించాడు. అతని తండ్రి చూపు కోల్పోయిన గాయకుడు. కొడుకులను వెంటబెట్టుకొని వీధులలో పాడి పొట్టపోసుకొన్నవాడు. చార్లీ 25 ఏళ్లకే క్షయవ్యాధితో కన్నుమూశాడు. విజయనగరంలో నాయుడుగారు, అమెరికాలో చార్లీ ఒకరినొకరు ఎరుగరు. అయినా ఒక్క ఏడాది తేడాతో, ఒకే వంశానికి చెందిన రెండు వాద్యాలను ప్రక్కనుండి నడుమకు తెచ్చారు.

ఆచార్యుడు

1936లో నారాయణదాసుగారి అనంతరం నాయుడుగారు కళాశాల అధ్యక్షులైనారు. ఆయన హయాంలో అక్కడ విద్యనభ్యసించినవారిలో ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922-1974) ఒకరు. తండ్రిని బాల్యంలోనే కోల్పోయి, చేతిలో చిల్లిగవ్వ లేక విజయనగరం చేరిన ఆ బాలుడు, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికంలో, మధుకరం చేసుకొంటూ, అనగా ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకొంటూ సంగీతం నేర్చుకొన్నాడు. కళాశాలలు భవనాలచేత గొప్పవి కావు. ఆకలిగొన్న విద్యార్థిని గడపదాటి లోనికి రానిచ్చిన గురువులచేత గొప్పవి అవుతాయి. విజయనగరం కళాశాల ఆ విధంగా గొప్పది.

నాయుడుగారి విద్య ఇంటిలోను, బయటను వర్ధిల్లింది. కుమార్తె ద్వారం మంగతాయారుగారు వాయులీన విదుషీమణిగా ప్రసిద్ధి పొందారు. సోదరుని వంశంలో ద్వారం నరసింగరావు నాయుడుగారు కూడ ఆ మార్గాన్ని నిలబెట్టారు. కుమారులు భావనారాయణరావుగారి వద్ద శిక్షణ పొందిన విజయనగరపు బాలిక పి. సుశీలగారు చలనచిత్ర సంగీతంలో పొందిన కీర్తి అందరికీ తెలిసినదే. ఒక అన్న తమ్మునికి ఫిడేలు అందించిన ఫలం ఎన్ని ఇండ్లకు ప్రాకిందో చూడండి.

గౌరవాలు, మానవత

1941లో మద్రాసు సంగీత విద్వత్సభ నాయుడుగారికి సంగీత కళానిధి బిరుదమిచ్చింది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. బిరుదులకంటె చెప్పదగినవి రెండు సంఘటనలున్నాయి. రెండూ 1952 నాటివే.

ప్రపంచప్రఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ ఆ సంవత్సరం భారతదేశానికి వచ్చాడు. మద్రాసులో, ఉన్నత న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తి, తెలుగువారైన పి.వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాదనాన్ని విని ముగ్ధుడైనాడు. ఆ వాద్యం పుట్టిన సంప్రదాయానికి చెందిన మహావిద్వాంసుడు, ఆ వాద్యాన్ని దత్తత తీసుకొన్న సంప్రదాయానికి చెందిన విద్వాంసుని ఎదుట శ్రోతయై కూర్చుండడం సామాన్యమైన దృశ్యం కాదు. బంధుత్వం రెండువైపుల నుండి అంగీకరింపబడిన క్షణమది.

అదే సంవత్సరం ఢిల్లీలో అంధుల సహాయనిధి నిమిత్తం నాయుడుగారు కచేరీ చేశారు. చూపు చాలక చదువు మానుకొన్న బాలుని బాధ ఆయనకు పుస్తకాలద్వారా తెలిసినది కాదు. కీర్తి వచ్చిన తరువాత ఆ బాధను మరువకుండడమే ఆయన పెద్దరికం.

1964 నవంబరు 25వ తేదీన, 71వ ఏట, నాయుడుగారు మద్రాసులో పరమపదించారు. 1993లో శతజయంతి సందర్భంగా భారత తపాలాశాఖ ఆయన చిత్రంతో తపాలాబిళ్ల వెలువరించింది. గ్రామఫోను పలకలలో నిలిచిన ఆ నాదం ఈనాటికీ వినేవారికి అందుబాటులో ఉన్నది.

మన తీరానికి ఈ జీవితం చెప్పేది

పలాస నుండి విజయనగరం రైలుమార్గంలో కొద్దిగంటల ప్రయాణం. అయినా ఈ వారసత్వం మనకు సమీపంలోనే ఉన్నదన్న స్పృహ మన విద్యార్థులలో తక్కువ. మన ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడితోపాటు పనస సమృద్ధిగా పెరుగుతుంది. ఆ పనసకర్రతోనే బొబ్బిలి వీణలు చెక్కుతారు. ఆ శిల్పుల ఊరు గొల్లపల్లి. ఐరోపా శిల్పి ఫిడేలు పైపలకకు స్ప్రూస్ కర్రను, వెనుకపలకకు మేపుల్ కర్రను ఎన్నుకొన్నట్లే మన శిల్పి పనసను ఎన్నుకొన్నాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినపుడు మన తోటలలో పనసచెట్లు కూడ కూలిపోయాయి. చెట్టు పోయినపుడు పంట పోయిందని దుఃఖిస్తాము. అందులో పలుకవలసిన నాదం కూడ పోయిందన్న సంగతి ఎవరికి తోస్తుంది?

సముద్రతీరంలో తంత్రీవాద్యాన్ని కాపాడుకోవడం కూడ ఒక విద్యయే. ఉప్పుగాలి తీగెలకు త్రుప్పు పట్టిస్తుంది. వానకాలపు తేమకు పలక ఉబ్బి తీగెలు ఎత్తవుతాయి. వేసవిలో అది తిరిగి ముడుచుకొంటుంది. చెక్కిన పలక గల ఫిడేలుకు, ఆర్చ్‌టాప్ గిటారుకు ఈ మార్పు మరింత ముఖ్యం. వాయించిన వెంటనే పొడిగుడ్డతో తీగెలు తుడిచి, వాద్యాన్ని పెట్టెలో ఉంచి, ఎండకు, గోడచెమ్మకు దూరంగా భద్రపరచాలి. ప్రతి ఋతువులోను బ్రిడ్జిని, శ్రుతిని చెవితో సరిచూసుకోవాలి. ఇట్లు ఒక సంవత్సరం గడిస్తే వాద్యం స్వభావం చేతికి తెలుస్తుంది.

గిటారు మనది కాదని ఆక్షేపించే పెద్దలు ఒక్క విషయం ఆలోచించాలి. బాలుస్వామి దీక్షితులనాడు ఫిడేలు కూడ మనది కాదు. మాండొలిన్ కూడ మనది కాదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014) దాని జంటతీగెలను తీసివేసి, ఐదు ఒంటితీగెలు బిగించి, విద్యుత్ సహాయంతో దానిమీద కర్ణాటక సంగీతాన్ని ప్రపంచానికి వినిపించిన తరువాత, అది మనది కాదని ఎవరూ అనలేదు. వాద్యం ఎక్కడ పుట్టిందన్నది ప్రశ్న కాదు. దానిముందు ఎవరు ఎంతకాలం వినయంతో కూర్చున్నారన్నదే ప్రశ్న.

విద్యార్థులు గ్రహించవలసినది కూడ ఇదే. పాట నాలుగు రోజులలో రాలేదని కొత్త గిటారును గోడకు తగిలించినవాడు వాద్యాన్ని కొన్నాడే గాని పొందలేదు. నాయుడుగారికి ఫిడేలు ఒక ఉద్యోగానికో, ఒక బిరుదానికో మార్గంగా దొరకలేదు; చదువు తలుపు మూసుకొన్నపుడు దొరకిన ఒకే ఒక తోడుగా దొరకింది. ఆ తోడును ఆయన జీవితాంతం విడువలేదు.

కళాశాల నిర్వాహకవర్గంవారికి కూడ ఈ జీవితం ఒక విన్నపం చేస్తున్నది. తరగతిగదిలో నల్లబల్ల కనబడని విద్యార్థి, పాఠం వేగాన్ని అందుకోలేని విద్యార్థి ప్రతి కళాశాలలోను ఉంటాడు. అతనికి ఒక చిన్న గది, ఒక వాద్యం, వారానికి కొన్ని గంటలు, వినిపించే ఒక పెద్దదిక్కు ఉంటే చాలును. జీడితోటలలో పనిచేసే తల్లిదండ్రుల పిల్లలు, వేటకు వెళ్లే కుటుంబాల పిల్లలు వాద్యం కొనలేకపోవచ్చును. చెవి మాత్రం అందరికీ ఉన్నది. వెంకటకృష్ణయ్యగారు ఒక ఇంటిలో చేసిన పనిని ఒక కళాశాల చేయగలిగితే, పలాసలోనో, టెక్కలిలోనో, ఉద్దానపు తోటల నడుమనో మరొక నాదం మేలుకోగలదు.